నిలిపియుంచిన బండిలో రిఫ్రిజిరేటరు

నాలుగు దినములు ఊరికి పోవునపుడు మన యిల్లాండ్రు చేయు పనులు ఒక వరుసలో జరుగును. మిగిలిన పెరుగు పొరుగింటికి పోవును. పొయ్యి తుడుతురు. నీళ్ల బిందెలను కడిగి బోర్లింతురు. గ్యాసు కట్టి, కిటికీలు మూసి, దీపములు ఆర్పి, తాళము వేయుదురు. బిందెను బోర్లించుటలో మంచి వివేకము కలదు. తడి నిలిచిన పాత్ర పాచి పట్టునని మన పెద్దలు ఎరుగుదురు. కాని రిఫ్రిజిరేటరు మాట వచ్చునప్పటికి ఆ వివేకమే మరుగున పడును. ప్లగ్గు తీసి, తలుపును గట్టిగా మూసి పోవుదురు. అది బిందెకంటె పెద్ద తడిపాత్ర యని తోచదు.

ఈ పొరపాటు మిక్కిలి నష్టము కలిగించు చోటు ఒకటి కలదు. ఉత్తర అమెరికాలో సెలవులకు పోవు కుటుంబములలో కొందరు ఇంటినే వెంట తీసికొని పోవుదురు. మంచములు, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది, భోజనపుబల్ల అన్నియు నమర్చిన బండి అది. కొన్ని బండ్లు తమ యంత్రముతో తామే నడచును. కొన్నింటిని మరియొక వాహనము వెనుక తగిలించి లాగుదురు. దీనికి రిక్రియేషనల్ వెహికిల్ అని పేరు, వాడుకలో ఆర్.వి. అందురు. ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ వంటి చోట్లకు పోవు త్రోవలలో వేసవియందు ఇట్టి బండ్లు విరివిగా కానవచ్చును. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములలోను కొందరు వీనిని కొనుచున్నారు. మరికొందరు అద్దెకు తీసికొనుచున్నారు. పప్పు, కూర, పెరుగు తమ చేతితో అమర్చుకొని తినుచు దేశము చూచుట వారికి పెద్ద సౌకర్యము.

అయితే సెలవులకు మాత్రమే వాడు బండి, ఏడాదిలో నడచు దినములకంటె నిలిచియుండు దినములే ఎక్కువ. ఉత్తరపు రాష్ట్రములలో అక్టోబరు, నవంబరు మాసములలో, మంచు పడకముందే బండిని ఒక చోట నిలిపి, తిరిగి ఏప్రిల్‌లోనో మే నెలలోనో బయటికి తీయుదురు. చలికాలమును అరిజోనా, ఫ్లోరిడా వంటి వెచ్చని రాష్ట్రములలో గడుపువారిలో కొందరు వేసవి యంతయు బండిని అక్కడనే నిలిపి తమ యిండ్లకు పోవుదురు. ఒక చోట గడ్డకట్టు చలి. ఒక చోట మండుటెండ. రెండు చోట్లను బండిలోని రిఫ్రిజిరేటరు ఐదారు మాసములు పనిలేక పడియుండును.

కొన్ని యేండ్ల క్రిందట ఒహైయో రాష్ట్రమున మా బంధువులు తమ బండిని ఏప్రిల్ నెలలో తెరచినపుడు నేను దగ్గర నుంటిని. అక్టోబరులో చివరి ప్రయాణము ముగించి, అలసటతో ఇంటికి చేరి, బండిని పెరటిలో నిలిపి, అన్ని మీటలును కట్టివేసిరి. రిఫ్రిజిరేటరు ఖాళీ చేసితిమనియే వారి నమ్మకము. తలుపు తీయగానే మేమందరము వెనుకకు జరిగితిమి. గోడలపై నల్లని బూజు చుక్కలు చుక్కలుగా పరచుకొని యున్నది. క్రింది అర వెనుక ఒక చిన్న పెరుగుడబ్బా, సగము మిగిలిన గోంగూర పచ్చడి సీసా దాగి యున్నవి. తలుపు అంచున నుండు రబ్బరుపట్టీ మడతలలోనికి బూజు దిగిపోయినది. రెండు దినములు కడిగినను వాసన పోలేదు. తుదకు పెట్టె శుభ్రమైన తరువాత గ్యాసు వెలిగింపబోగా మంట అంటుకొనలేదు. వెలుపలి జాలి తీసి చూచిన పనివాడు, మంట వచ్చు గొట్టములో సాలెపురుగు పెట్టిన తెల్లని గూడును మాకు చూపెను.

నాకు ఆనాడు తెలిసిన విషయమే ఈ ప్రసంగమునకు మూలము. నడచు యంత్రమును మనము కనిపెట్టి చూతుము. నిలిచిన యంత్రము నిద్రపోవుచున్నదని తలతుము. కాని నిలిచిన రిఫ్రిజిరేటరులో తడి పని చేయుచునే యుండును. పురుగు పని చేయుచునే యుండును. ఈ పెట్టెకు రెండు ద్వారములు కలవు. ఒకటి బండిలోపల మన కంటికి నిత్యము కనిపించు తలుపు. రెండవది బండి వెలుపలి గోడలో, ఎవరును తొంగిచూడని జాలి. నిలిపియుంచు కాలమున లోపలి తలుపు తెరచి యుండవలెను. వెలుపలి ద్వారమునకు కాపలా యుండవలెను. మా బంధువులవలెనే అనేకులు లోపలి దానిని బిగించి, వెలుపలి దానిని మరచిపోవుదురు.

ఈ రెండవ ద్వారము ఎందులకో తెలియవలెనన్నచో ఆ పెట్టె ఎట్లు చల్లబడునో కొంచెము తెలిసికొనవలెను. మన యిండ్లలోని రిఫ్రిజిరేటరులో కంప్రెసరు అను విద్యుద్యంత్రము ఉండును. అది ఒక వాయువును ఒత్తి త్రిప్పుచుండును; మనము వినెడు సన్నని రొద దానిదే. ఆర్.వి.లలో బహుకాలముగ వాడుకలో నున్న పెట్టె వేరొక జాతిది. దానిలో మోటారు లేదు, పంపు లేదు. చల్లదనమును పుట్టించు గొట్టములలో కదలెడి భాగమే లేదు. వానిని నడుపునది వేడి మాత్రమే. ఆ వేడిని చిన్న గ్యాసు మంట యైనను ఇచ్చును, విద్యుత్తుతో కాగు కడ్డీ యైనను ఇచ్చును. కరెంటు లేని అడవిలో నిలిచినపుడు గ్యాసుతోను, కరెంటు దొరకిన విడిదిలో విద్యుత్తుతోను ఇది పని చేయును. అందుచేతనే ప్రయాణపుబండికి ఇది తగినదైనది.

మంటతో మంచు పుట్టించుట వింతగా తోచవచ్చును గాని సంగతి కష్టమైనది కాదు. అమోనియా వాయువును నీటిలో కరగించి, వేడిచేసి మరల విడదీసి చల్లదనము పుట్టించు యంత్రమును ఫ్రెంచివాడగు ఫెర్డినాండ్ కారే 1859లో రూపొందించెను. దానికి పంపు కావలసి యుండెను. 1922లో స్టాక్‌హోము నగరపు రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుచున్న బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టర్స్ అను ఇద్దరు విద్యార్థులు ఆ పంపు అక్కరను గూడ తొలగించు ఉపాయమును కనిపెట్టిరి. స్వీడన్ దేశపు ఎలక్ట్రోలక్స్ సంస్థ 1925లో అట్టి పెట్టెలను తయారుచేయ నారంభించెను. నేటి ఆర్.వి.లలోని మంటపెట్టెలు ఆ వంశమునకు చెందినవే.

గట్టిగా మూతవేసి అతికిన ఉక్కు గొట్టములలో నీరు, అమోనియా, ఉదజని యను మూడు పదార్థములు ఉండును. ఉదజని యనగా హైడ్రోజన్. క్రిందనున్న చిన్న కుండలో అమోనియా కలిసిన నీరు కాగును. అమోనియా ఆవిరియై పైకి పోయి, వెనుకనున్న రెక్కల గొట్టములో వెలుపలి గాలికి చల్లబడి ద్రవమగును. ఆ ద్రవము పెట్టెలోని చల్లని గొట్టమునకు జారి, అక్కడ ఉదజనితో కలియును. ఉదజని నడుమ అమోనియాకు సొంత ఒత్తిడి తగ్గిపోవును గనుక అది తిరిగి వేగముగ ఆవిరియగును. చెమట ఆరునపుడు ఒడలు చల్లబడునట్లు, ఆ ఆవిరి తనకు కావలసిన వేడిని పెట్టెలోనుండి లాగుకొనును. తరువాత నీరు అమోనియాను మరల పీల్చుకొని కుండకు చేరును. ఉదజని విడివడి తన చోటికి పోవును. ఇట్లు తిరుగుచునే యుండును.

ఇందులో మనము గుర్తుంచుకొనదగినవి మూడు. ఒకటి, ద్రవములు తమ బరువుచేతనే క్రిందికి జారవలెను గనుక, పని చేయునపుడు బండి సమముగా నిలువవలెను. వాలుగా నిలిపి చాలసేపు నడపినచో ద్రవము ఒకచోట నిలిచి, కుండ అధికముగా కాగి, గొట్టములు చెడును. ఆర్పివేసి నిలిపియుంచినపుడు మాత్రము వాలున్నను ఈ హాని లేదు. రెండు, రెక్కల గొట్టము చల్లబడుటకు వెలుపలి గాలి క్రింది జాలినుండి వచ్చి పై ద్వారమునుండి పోవలెను. మూడు, మంటకు గాలియు, పొగకు త్రోవయు కావలెను. కడపటి రెండును వెలుపలి ద్వారముమీదనే ఆధారపడి యున్నవి. అక్కడ గూడు కట్టిన పురుగు ఈ పెట్టెకు ఊపిరి త్రోవ మూసినట్లే.

ఇక బండిని నిలుపు దినమున చేయవలసిన పనులు. మొదట లోపలి తలుపు సంగతి చూతము.

పెట్టెను సంపూర్ణముగా ఖాళీ చేయవలెను. ఊరగాయ చెడదని, వెన్న గట్టిగా నున్నదని, మూత తీయని సీసా గదా యని ఏదియు విడువరాదు. చలి ప్రాంతమున నీరున్న సీసాలు గడ్డకట్టి పగులును. ఎండ ప్రాంతమున డబ్బాలు ఉబ్బి కారును. అరలను, కూరల పెట్టెలను బయటికి తీసి చూచినగాని వెనుక దాగినది కనబడదు. పెట్టెను నిలిపివేసి తలుపులు తెరచి, మంచుగడ్డ తనంతట కరగువరకు ఆగవలెను. కత్తితోను, గరిటతోను పొడిచి తీయరాదు. లోపలి గొట్టమునకు చిల్లుపడినచో ఆ యంత్రభాగమునే మార్చవలసి వచ్చును. కరగిన నీటిని వెంటనే బట్టతో ఒత్తవలెను.

కడుగుటకు ఖరీదైన మందులు అక్కరలేదు. లీటరు గోరువెచ్చని నీటిలో రెండు పెద్ద చెంచాల తినెడి సోడా కలిపి, మెత్తని బట్టతో గోడలు, అరలు, మూలలు తుడువవలెను. గరుకు పొడులు వాడినచో ప్లాస్టిక్ గోడలు గీరుకొని, ఆ గీరలలో మరుసటిమారు బూజు చేరును. బ్లీచింగు ద్రవమును అమోనియా గల మందుతో గాని వెనిగరుతో గాని ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. రబ్బరుపట్టీ మడతలను ఒక్కొక్కటిగా విప్పి తుడువవలెను. పెట్టె వెనుకకు నీరు దిగు సన్నని గొట్టమును, ఉన్నచో, శుభ్రముచేయవలెను. మన వంటల వాసనలు ప్లాస్టిక్‌లో గాఢముగా నిలుచును. ఇంగువ, ఆవపిండి, వెల్లుల్లి వాసన ఒక కడుగుడుతో పోకున్నచో, లోపల కాగితపు ఉండలను నింపియో, చిన్న గిన్నెలో బొగ్గుపొడిని గాని కాఫీపొడిని గాని ఉంచియో కొన్ని దినములు చూడవలెను.

కడుగుటకంటె ఆరబెట్టుట ముఖ్యము. బూజు బీజములు గాలిలో ఎల్లప్పుడును ఉండును. వానిని వెలివేయుట మనచేత కాదు. వానికి కావలసిన తడిని మాత్రము మనము తీసివేయగలము. తడిసిన చోటును 24 గంటలనుండి 48 గంటలలోగా ఆరబెట్టినచో బూజు సాధారణముగ పట్టదని ఆరోగ్యశాఖల వారును పరిసర పరిరక్షణ శాఖల వారును చెప్పుదురు. కావున పొడిబట్టతో తుడిచి, ఒక దినము తలుపులు బార్లా తెరచి యుంచి, తరువాతనే బండిని మూయవలెను.

అప్పటికిని తలుపును పూర్తిగా బిగింపరాదు. ఇదియే ఈ ప్రసంగమంతటిలోను ముఖ్యమైన మాట. మూసిన పెట్టెలో కంటికి కనబడని చెమ్మ చాలును. ప్రయాణములో తెరచుకొనకుండుటకు ఆర్.వి. రిఫ్రిజిరేటరు తలుపునకు గొళ్ళెము ఉండును. చాల పెట్టెలలో ఆ గొళ్ళెమునకే రెండవ స్థానము ఒకటి కలదు. అందు తగిలించినచో తలుపు రెండు వ్రేళ్ల సందు విడిచి నిలుచును. అది నిలిపియుంచు కాలమునకై చేసిన యేర్పాటు. అట్టిది లేనిచో చుట్టిన గుడ్డను గాని కొయ్యముక్కను గాని నడుమ పెట్టి తలుపును నిలుపవచ్చును. మంచుపేటిక తలుపును గూడ మరువరాదు. లోపల ఒక గిన్నెలో తినెడి సోడా పోసి యుంచినచో వాసనను కొంత పట్టును. అది గాలికి తోడే గాని గాలికి బదులు కాదు.

తలుపు తెరచి యుంచుటలో మరియొక హెచ్చరిక కలదు. వాడని రిఫ్రిజిరేటరులో పిల్లలు దాగి, వెలుపలి గొళ్ళెము పడి, ఊపిరాడక చనిపోయిన దుర్ఘటనలు పూర్వము అమెరికాలో అనేకము జరిగినవి. ఆ కారణముచేతనే అక్కడ 1956లో ఒక శాసనము చేసి, గృహములకు అమ్ము రిఫ్రిజిరేటర్ల తలుపులు లోపలినుండి తెరచుకొనగలుగవలెనని విధించిరి. కావున తలుపు సందు విడిచినపుడు అరలను తిరిగి వాని స్థానములలో అమర్చవలెను. బండికి తాళము వేసి, తాళపుచెవిని పిల్లలకు అందని చోట ఉంచవలెను.

ఇక రెండవ ద్వారము. గ్యాసు సిలిండరు వద్దనే వాల్వు కట్టవలెను. రిఫ్రిజిరేటరు మీట కట్టిన మాత్రమున చాలదు. ఈ పెట్టెను నడుపు చిన్న ఎలక్ట్రానిక్ పలక 12 వోల్టుల బ్యాటరీనుండి ఎల్లప్పుడును కొంత విద్యుత్తును తీసికొనుచుండును. ఐదారు నెలలు అట్లు తీసికొన్నచో బ్యాటరీ అడుగంటును. అడుగంటిన సీసపు బ్యాటరీ గడ్డకట్టు చలిలో పగులవచ్చును. కనుక పెట్టెను మీటవద్ద ఆర్పి, బ్యాటరీ తీగను విడదీయవలెను. మంచుగడ్డలు చేయు యంత్రము గల పెట్టెలో దానికి నీరు తెచ్చు గొట్టమును గూడ ఖాళీ చేయవలెను. గొట్టములో నిలిచిన నీరు గడ్డకట్టి పెరిగి, గొట్టమును చీల్చును.

వెలుపలి జాలి తీసి చూచినచో మంట గొట్టము, పొగగొట్టము, రెక్కలు కనబడును. ఎండుటాకులు, ధూళి, పాతగూళ్లు మెత్తని కుంచెతో తీసివేయవలెను. జాలి సందులకు సన్నని తీగవలను అమర్చుట మంచిది. చిట్టెలుకకు వ్రేలు పట్టు సందు చాలును. అది లోనికి పోయి తీగలపై తొడుగును కొరకును. కందిరీగ మట్టితో గొట్టపుమూతిని పూడ్చును. సాలెపురుగు గ్యాసు వాసనకు చేరునని బండ్లవారు చెప్పుదురు. వంటగ్యాసునకు సహజముగ వాసన లేదు. కారినచో తెలియుటకై మెర్‌కాప్టన్ అను దుర్గంధద్రవ్యమును అందు కలుపుదురు. ఇంధనపు వాసనకు సాలెపురుగు చేరుటకు వేరొక నిదర్శనము కూడ కలదు. 2011లో ఒక కారుల తయారీసంస్థ, పెట్రోలు తొట్టి గాలిగొట్టములో పచ్చసాలెపురుగులు గూళ్లు పెట్టుచున్నవని అమెరికాలో వేలకొలది కార్లను మరమ్మతునకు వెనుకకు పిలువవలసి వచ్చినది. అంత చిన్న ప్రాణి అంత పెద్ద పని కల్పించినది.

కొందరు జాలిని అట్టముక్కతోను, అంటుకాగితముతోను సంపూర్ణముగా మూసివేయుదురు. నిలిచియున్నంత కాలము దానివలన పెట్టెకు హాని లేదు. మరచిపోయి మంట వెలిగించినచో ప్రాణహాని కలుగవచ్చును. అట్లు మూసినవారు లోపల రిఫ్రిజిరేటరు మీటకు ఒక చీటీ కట్టి, జాలి మూసియున్నదని పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టవలెను. ఐదు నెలల తరువాత మీట త్రిప్పు చేయి మనదే కావచ్చును. జ్ఞాపకము మాత్రము మనవెంట ఉండదు.

తిరిగి ప్రారంభించు దినమున తొందర పనికిరాదు. ముందుగా వెలుపలి జాలి తీసి చూచి, వాసన పట్టవలెను. అమోనియా ఘాటు గాని, గొట్టములమీద పసుపుపచ్చని పొడి గాని కనబడినచో లోపలి ద్రవము కారుచున్నదని గ్రహింపవలెను. గొట్టములు తుప్పు పట్టకుండుటకై అందు కలిపిన క్రోమేటు లవణమే ఆ పసుపు. అది విషము, చేతితో తాకరాదు. అట్టి పెట్టెను ఏ విధమునను వెలిగింపక, తెలిసిన పనివానిని పిలువవలెను. ఏలనగా దానిలో అమోనియాయే కాక అంటుకొనెడి ఉదజనియు కలదు. ఈ జాతి పెట్టెలలో కొన్ని మాదిరులను, కాగు గొట్టము చీలి అగ్నిప్రమాదము కలుగవచ్చునని, 2006లోను 2010లోను అమెరికాలో తయారీదారులు మరమ్మతునకై వెనుకకు పిలిచిరి. పాతబండిని కొనువారు దాని రిఫ్రిజిరేటరు మాదిరి సంఖ్యను ఆ దేశపు జాతీయ రహదారి భద్రతా సంస్థ జాబితాలో సరిచూచుకొనుట మేలు.

మంట వచ్చు చోట రాలిన తుప్పును, మసిని తీయవలెను. గ్యాసు వచ్చు రంధ్రము సూదిమొనవలె సన్ననిది. దానిలో పిన్ను గాని తీగ గాని గ్రుచ్చరాదు; రంధ్రము పెద్దదైనచో మంట ఎన్నటికిని సరిగా రాదు. ఈ పనిని ఏడాది కొకసారి తెలిసినవానిచేత చేయించుట మంచిది. సరియైన మంట నీలముగా, నిలకడగా నుండును. పసుపుమంట యున్నచో గాలి చాలలేదని అర్థము. మసియు, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనున్న కుటుంబమునకు హెచ్చరిక యిచ్చునది బండిలోని పసికట్టు యంత్రము ఒక్కటియే. కావున రిఫ్రిజిరేటరు వెలిగించుటకు ముందే ఆ యంత్రము పని చేయుచున్నదో లేదో చూడవలెను. గ్యాసు వాసన తగిలినచో ఏ మీటయు త్రిప్పక, అందరును బయటికి వచ్చి, సిలిండరు కట్టవలెను.

ఇన్నియు సరిగానున్నచో బండిని సమముగా నిలిపి, ప్రయాణమునకు ఒక దినము ముందు పెట్టెను నడపవలెను. ఇది మెల్లగా చల్లబడు జాతి; కొన్ని గంటలలో చల్లబడలేదని చెడిపోయినదనుకొనరాదు. గ్లాసు నీటిలో ఉష్ణమాపకము ఉంచి, 4 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగిన తరువాతనే పాలు, పెరుగు, వండిన పదార్థములు అందుంచవలెను. వానిని గూడ ఇంటిలోనే చల్లబరచి తెచ్చుట మంచిది. తలుపు సందున ఒక కాగితపు ముక్క పెట్టి మూసి లాగవలెను. అది తేలికగా వచ్చినచో రబ్బరుపట్టీ పట్టు తగ్గినదని తెలియును.

ఇటీవలి బండ్లలో అనేకములందు మంటపెట్టెకు బదులు 12 వోల్టుల విద్యుత్తుతో నడచు చిన్న కంప్రెసరు రిఫ్రిజిరేటరు వచ్చుచున్నది. దానికి గ్యాసు మంట లేదు, పొగగొట్టము లేదు, వాలునకు అంతగా వెరవదు. అయినను ఆర్పి, ఖాళీచేసి, కడిగి, ఆరబెట్టి, తలుపు సందు విడుచుట దానికిని తప్పదు. యంత్రము మారినది గాని తడి స్వభావము మారలేదు.

ఇదంతయు ఎక్కడనో సముద్రము ఆవలనున్న బండ్ల కథ యని మన గృహములవారు తోసిపుచ్చనక్కరలేదు. నేడు మన ఊళ్లలో బిడ్డలను, మనుమలను చూచుటకు అమెరికాకు పోయి, ఐదారు నెలలు అక్కడ నుండి వచ్చు తల్లిదండ్రులు అనేకులు కలరు. వారి యిల్లును ఆ కాలమంతయు నిలిపియుంచిన బండివంటిదే. మన వానకాలపు చెమ్మలో మూసిన పెట్టె బూజు పట్టుటకు నెలలు అక్కరలేదు. ఆహారమును లోపల నుంచి, పెట్టెను నడచుచు విడిచిపోవుటయు క్షేమము కాదు. కరెంటు దీర్ఘముగా పోయి వచ్చినచో, చెడి మరల గడ్డకట్టిన పదార్థము కంటికి మంచిదిగానే కనబడును. తిరిగివచ్చిన రాత్రి, ప్రయాణపు అలసటలో, దానినే వేడిచేసికొని తిను ముసలివారికి అపాయము కలుగవచ్చును. ఖాళీచేసి, ఆర్పి, ఆరబెట్టి పోవుటయే మంచిది.

మన యింటి పెట్టెకు మంట లేదు, వెలుపలి జాలి లేదు. లోపలి తలుపు మాత్రము అదే తలుపు. తాళము వేయకముందు బిందెను బోర్లించు చేయి, ఆ తలుపును గూడ రెండు వ్రేళ్ల సందు తెరచి, నడుమ ఒక గుడ్డచుట్ట పెట్టి పోవలెను.